మరకు కళ్లు పెట్టిన మేనకోడలు

శుక్రవారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య అనేక దీవెనలు. ఇక్కడ మేమంతా కులాసా. నువ్వు వేళకు తింటున్నావనే నమ్ముతున్నాను. అంటే నమ్మడం లేదని అర్థం.

మొన్న నువ్వు చూపు నేర్పిన మన రోబో ఒక మనిషి మీద చేసిన మొదటి ఆపరేషన్‌ని అక్కడ నీ తెరమీద నువ్వూ చూశావు. కానీ నీకు కనబడేది కెమెరా పొట్ట లోపలికి వెళ్లాక చూపించేదే. పేషెంటు మొహమూ పేరూ నీదాకా రావు, మా గది సంగతులూ రావు. అందుకే రాస్తున్నాను.

ముందురోజంతా నాకు గుండె దడే. రబ్బరు ముక్క మీద సాధన చేయించినప్పుడు, దీపం వెలుతురు తళుక్కుమంటే అదే కుట్టు వేయాల్సిన తెల్ల గుర్తనుకుని నీ మర అక్కడ సూది పొడిచింది కదా! తెల్లనివన్నీ పాలనుకునే అమాయకురాలు. దిద్దానన్నావు, సరే. కానీ రబ్బరు ఊపిరి పీల్చదుగా! మనిషి ఊపిరికి లోపలంతా కదులుతుంది. కెమెరా కన్ను చూసిన కదలికను బట్టి చెయ్యి కదలాలి. వెంట్రుకవాసి తప్పితే సూది పేగుకు తగులుతుంది.

గర్భసంచిలో గడ్డ నేనే తీశాను. కుట్లు మాత్రం మర పని. రెండు కుట్లు పడ్డాయో లేదో, రక్తం ఊరుతున్నచోట అది ఆగాలని నేను వేడితో కాల్చేసరికి పొగ కమ్మింది. నీకూ తెల్లటి తెరే కనబడి ఉంటుంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మర మాత్రం ఉన్నచోటే ఆగిపోయింది. కనబడకపోతే కదలకూడదని నేర్పావు చూడు, మనలో ఎంతమందికి ఉందే ఆ బుద్ధి? కెమెరా తుడిచాక, ఊపిరితోపాటే లేస్తూ దిగుతూ చక్కగా కుట్టుకుంటూ పోయింది. ఏడాదికోసారి నవ్వే మా మత్తు డాక్టరు చప్పట్లు కొట్టాడు. నర్సమ్మ నన్ను కావలించుకుంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నీ అత్తనని కనబడినవాళ్లందరికీ చెప్పుకున్నాను.

పేషెంటు నిన్న లేచి నడిచింది. ఇవాళ కాఫీ చల్లారిందని నర్సమ్మతో పోట్లాట పెట్టుకుంది. ఇక ఆవిడకేం, గుండ్రాయిలా ఉంటుంది.

ఇట్లు,
నీ గొప్పలు చెప్పుకుని తిరుగుతున్న అత్తయ్య

తా.క.: ఆ పేషెంటు ఎవరని ఫోనులో అడిగిన ప్రతిసారీ మాట దాటేశాను. తను లేచి నడిచేదాకా నీకు చెప్పొద్దని ఆవిడ షరతు. నీకు తెలిస్తే ముందు వేరేవాళ్ల మీద చేయమంటావట. వేరేవాళ్లు మాత్రం ఎవరికో అమ్మ కాదా అని నా నోరు మూయించింది మా వదిన. అవునే, మీ అమ్మే. ఇప్పుడు రాయమని తనే అంది. తొమ్మిది నెలలు ఉన్న ఇంటిని కళ్లెదురుగా చూస్తూ కూడా గుర్తుపట్టలేదేమే పిల్లా?