పటంలో పడిన చెయ్యి

రాజమహేంద్రవరం,
4 నవంబరు 1898

దేవకుమారీ,

నువ్వూ అత్తయ్యగారూ ప్రభువు కాపుదలలో సుఖంగా ఉన్నారని తలుస్తూ, నీ శాంతికుమార్ తల వంచుకుని రాస్తున్న ఉత్తరం. దీన్ని నువ్వొక్కదానివే చదువుకో.

మన ఏటిగట్టు గడ్డిలో నేను తీసిన పురుగుల పటాలు నిన్న మిషన్ బంగళాలో పెట్టారు. ఒళ్లంతా మంచుబొట్లతో తూనీగ అరచెయ్యంత కనిపించేసరికి అందరూ ఆహా అన్నారు. అందులో నా గొప్పేముంది? నెల్లాళ్లు ఎండలో కెమెరా మోసుకు తిరిగాను. పటం పడాలంటే పన్నెండు లెక్కపెట్టాలి, అందాకా ఒక్క పురుగూ కుదురుగా ఉండేది కాదు. గేదెకు గడ్డి కోస్తూ నువ్వే కదా నవ్వావు, "ఎండెక్కాక వస్తే ఎలాగండీ? తెల్లారగట్ల రండి. మంచుకి రెక్కలు తడిసుంటాయి, ఎక్కడికీ పోలేవు" అని. గాలికి పరక ఊగకుండా పట్టుకున్నదీ నువ్వే. మట్టిగాజులతో సహా నీ చెయ్యి పటం మూలన పడింది.

"ఈ చెయ్యి ఎవరిది?" అని పాదిరి దొరగారు అడిగారు. పక్కనే హైస్కూలు మేష్టరు జగన్నాథరావుగారు ఉన్నారు. నా పెళ్లాం గడ్డి కోస్తుందంటే ఆయన నవ్వుతారేమోనని నిజం నోట రాలేదు. "గడ్డి కోసే కూలిమనిషిదండి" అనేశాను. ఛీ, నాదీ ఒక బతుకేనా! అప్పట్నుంచి అన్నం సయించడం లేదు.

అంతటితో పోలేదు. మంగళవారం దొరగారు కెమెరాతో మన ఊరొచ్చి, ఆ కూలిమనిషి చేత పరక పట్టించి తనూ పటాలు తీస్తారట. ఆ రోజు నువ్వు ఏటిగట్టు వైపు వెళ్లకు. అడగడానికి సిగ్గుతో చచ్చిపోతున్నాను, అయినా అడుగుతున్నాను. వచ్చే శనివారం ఇంటికొస్తాను.

నీకు చూపించే మొహం లేని,
శాంతికుమార్


రావులపాలెం,
8 నవంబరు

ఏవండీ,

ఉత్తరం నిన్న అందింది. చదివి ఏడ్చాను. ఆ కోపంలో గేదెని కూడా తిట్టాను పాపం. నేను గడ్డి కోస్తే మీకు తలవంపులని ఇన్నేళ్లూ నాకు తెలీదండి. ఆ పాలు తాగేటప్పుడు సిగ్గెందుకు వెయ్యలేదో!

ఈవేళ ఏటిగట్టుకి వెళ్లాను. మీ పరువు కోసం గేదెని పస్తు పెట్టలేను కదా. దొరగారు వచ్చారు. గడ్డి కోసేది నేనేనండి అని చెప్పి, పరక పట్టుకుని నాలుగు పటాలు తీయించాను. ఆయన సంతోషించి, "పటాల కింద నీ పేరు వేయిస్తాను, చెప్పమ్మా" అన్నారు. దేవకుమారి అన్నాను. ఎవరి భార్యవని అడిగారు.

శనివారం దాకా ఇక్కడే ఉంటారట. "ఆ రోజు మావారు వస్తారండి. ఆయన్నే చెప్పమనండి" అన్నాను.

దేవకుమారి