సముద్రం మీద పైకడ్డీ లేనందున

యువజన సంక్షేమ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: వసతి గృహపు పిల్లల సర్ఫింగ్ తరగతిని మూసివేయుచూ తమరిచ్చిన ఉత్తర్వును రద్దు చేయుట గురించి, అది వీలుకానిచో, నన్ను రద్దు చేయుట గురించి.

రిటైరైన బస్సు కండక్టరును, సదరు తరగతికి శిక్షకుడను అయిన నేను వినయముతో మనవి చేసుకొనునది ఏమనగా:

1. తమ తనిఖీ అధికారి గారు నివేదికలో "పరిశీలన సమయమున శిక్షకుడే మునుగుచుండెను" అని రాసినారు. ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆయన ఒడ్డు మీద నుంచి చూశారు, నేను ఇంకాస్త దగ్గర నుంచి చూశాను.

2. ఈత నాకు కొద్దిగా వచ్చును. కాలికి నేల తగులుతున్నంత దూరం వచ్చును. నీళ్ళలో పిల్లలను కనిపెట్టుకొని ఉండుటకు గజ ఈతగాడు వేరే ఉన్నాడు. నా పాఠం ఇసుక మీదనే. బోర్డు మీద నిలబడే విద్య నాకెక్కడిదని తమకు అనుమానం రావచ్చు. ఉద్యోగమంతా నేను కదిలే నేల మీదనే నిలబడ్డాను. ఒక చేత టిక్కెట్లు, ఒక చేత చిల్లర, చంకలో ఎవరిదో పసిపిల్ల. మా డ్రైవరు బ్రేకు వేస్తే అత్తారింటి మీద కోపం బస్సు మీద తీర్చుకుంటున్నట్టు ఉండేది. పాపం, అత్తారు మంచివాళ్ళే, ఒకసారి నన్నూ భోజనానికి పిలిచారు. ఈ సంగతి అర్జీకి అవసరం లేదు, అయినా కొట్టివేయబుద్ధి కాలేదు. చెప్పొచ్చేదేమంటే, కొత్త కండక్టర్లకు చెప్పిన మాటే పిల్లలకూ చెప్పాను: మోకాళ్ళు వదులు చెయ్యి, కాళ్ళు చూసుకోకు, ముందుకు చూడు. పిల్లలు నిలబడ్డారు. ఆ విధంగా నేను శిక్షకుడనైతిని.

3. తనిఖీ నాడు అధికారి గారు, "మీరే ఒకసారి చేసి చూపించండి మాష్టారూ" అన్నారు. నేను బుద్ధెరిగిన నాటి నుంచి నన్నెవరూ మాష్టారూ అని పిలవలేదు. ఆ ఒక్క పిలుపుతో బోర్డు చంకన పెట్టుకున్నాను.

"వద్దు తాతా, అది బెల్లు కొడితే ఆగదు" అని ఒక కుర్రవాడు మొత్తుకున్నాడు.

అల వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. నిలబడిన మాట నివేదికలో లేదు, చేర్చించవలెనని వేరుగా కోరుచున్నాను. అంతలో అల ఒక పక్కకు ఒరిగింది. నా కుడిచెయ్యి నన్నడగకుండా పైకడ్డీ కోసం లేచింది. బస్సులో ఉంటుంది. సముద్రానికి ఎవరూ బిగించలేదు.

4. గజ ఈతగాడు నా దగ్గరకు చేరేలోపే నా కాలరు పట్టుకున్నది గొళ్ళెం. ఇది వసతి గృహంలోని ఒక ఆడపిల్లకు తోటిపిల్లలు పెట్టిన పేరు. నోరు తెరవదు గనుక అలా పెట్టారు. గృహానికి వచ్చింది మొదలు ఏమడిగినా తల ఊపడమే. పక్కన ఎవరైనా కూర్చుంటే లేచి వెళ్ళిపోయేది. ఆ పిల్ల నన్ను ఒడ్డుకు లాక్కొచ్చి, బోర్లా పడుకోబెట్టి, వీపు మీద చరుస్తూ అన్న మాటలు యథాతథంగా మనవి చేయుచున్నాను:

"కడ్డీ కోసం చూశావు కదూ? మాకేమో ముందుకే చూడమంటావు. నీ పాఠం నీకు ఎక్కదా? వయసొచ్చింది, బుద్ధి ఎప్పుడొస్తుంది తాతా నీకు? దగ్గు. ఇంకా దగ్గు."

నేను దగ్గాను. ఆ పిల్ల నోట అన్ని మాటలు మాలో ఎవ్వరమూ అదివరకు వినలేదు. అందరూ చుట్టూ చేరి నన్ను వదిలేసి ఆ పిల్లనే చూస్తున్నారు. నివేదికలో దీనిని "విద్యార్థిని శిక్షకుని దూషించుట" అని రాసినారు. అదీ నిజమే.

5. ఇక అసలు విషయం. గొళ్ళేనికి త్వరలో పద్దెనిమిది నిండుతాయి. నిండినాక గృహంలో ఉండనివ్వరు. తరగతికి సహాయకురాలిగా పెట్టుకుంటే వెనుక గదిలో ఉండనిస్తానని వార్డెనమ్మ ఒప్పుకున్నది. తరగతి మూతపడినందున ఆ గదీ లేదు. ఊరవతల ప్యాకింగ్ కంపెనీకి పంపుటకు పిల్ల పేరు రాసినారు. అక్కడ పొద్దస్తమానం ఎవరితోనూ మాట్లాడనవసరం లేదట. దీనిని ఒక సదుపాయంగా చెప్పారు.

6. ఈ పిల్లలు సముద్రానికి రాకముందు కూడా పడుతూనే ఉన్నారు. పడిన ప్రతిసారీ బడిలోనో స్టేషనులోనో చుట్టాలింట్లోనో ఎవరో ఒకరు దాన్ని నేరంలా గుర్తు పెట్టుకున్నారు. సముద్రం కూడా పడేస్తుంది, కాదనను. నివేదిక మాత్రం రాయదు.

కావున అయ్యా, తరగతిని తెరిపించి, శిక్షకుడనైన నన్ను తొలగించి, ఆ స్థానమున సదరు పిల్లను నియమించవలెను. గజ ఈతగాడు ఆమెకు తోడుంటానని మాట ఇచ్చినాడు. తమ వారు ఎప్పుడు వచ్చినా పరీక్షించుకొనవచ్చును. పరీక్ష కొరకు మునిగే మనిషి కావలసివస్తే నేనున్నాను.

ముక్కులోంచి ఇంకా ఉప్పునీళ్ళు కారుచున్న ఈ ముసలివాని మొరను దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మాజీ కండక్టరు,
తమ దయ ఉంటే మాజీ శిక్షకుడు

తా.క.: పంపే ముందు గొళ్ళెం చేత ఈ అర్జీ చదివించాను. "నిన్ను తీసెయ్యమని నిన్నెవరు రాయమన్నారు?" అని కసిరింది. శిక్షకుడు మునిగితే ఉత్తర్వు ఊరుకోదమ్మా అన్నాను. అర్జీ నా ఒళ్ళో పడేసి లేచింది, మళ్ళీ బిగిసిపోయిందేమోనని నాకు భయం వేసింది. చివరికి, "అయితే ముందు నీకే నేర్పుతా. నువ్వు రాకపోతే ఆ ఉద్యోగం నాకూ వద్దు" అన్నది. కావున విద్యార్థుల పట్టికలో అడుగున నా పేరు కూడా చేర్చి, వయసు విషయంలో సడలింపు ఇప్పించవలెను. మా ఆవిడతో నేను మాట్లాడుకుంటాను, తమరు మాత్రం సరేననండి.