మూడు నిలువు, ఒక అడ్డం

సూదీ,

ఈ పేరుతో నిన్ను పిలిచేవాళ్లు ఇంకా ఎవరైనా మిగిలారో లేదో. బడిలో మనిద్దరికీ ఇంటి పనిని బట్టే పేర్లు పెట్టారు. కుట్టుమిషన్ల మెకానిక్ కూతురివి కాబట్టి నువ్వు సూదివి, లాండ్రీ ఆయన కూతుర్ని కాబట్టి నేను ఇస్త్రీని. నీకైతే ఆ పేరు అతికినట్టు సరిపోయిందనేవారు, నీ నోటికి జడిసి. మీ పిన్ని దగ్గర నీ అడ్రసు తీసుకుని పదిహేను రోజులైంది. కాగితం ముందు పెట్టుకోవడం, మళ్లీ తీసి లోపల పెట్టడం, ఇదే పని. ముప్ఫై నాలుగేళ్ల తర్వాత రాస్తూ క్షేమసమాచారాలు అడగడానికి కూడా సిగ్గుగా ఉంది.

నాన్న పోయి మూడు నెలలైంది. లాండ్రీ మూసేస్తున్నాను. ఇంట్లో ఒక్కదాన్నే. అలవాటు కొద్దీ ఇద్దరికి టీ పెట్టి రెండో కప్పు కూడా నేనే తాగుతున్నాను. రోజు మొత్తం మీద నేను మాట్లాడేది పాలమనిషితోనే, అదీ రెండు మాటలు.

విషయానికి వస్తాను. కుట్టు టీచరమ్మని చంపింది మీ నాన్న కాదు.

నిలబడి చదువుతుంటే కూర్చో. ఆవిడ మెడకి బిగించిన తువ్వాలు మూల ఎర్రదారంతో మూడు నిలువు కుట్లు, వాటి మీద ఒక అడ్డం కుట్టు ఉండటం, పోలీసులు అది పట్టుకుని మా లాండ్రీకి రావడం, నాన్న ఒక్క చూపు చూసి అది మా లాండ్రీలో మెకానిక్ ఇంటి బట్టలకి కుట్టే గుర్తని చెప్పడం నీకు తెలుసు. ముందురోజు సాయంత్రం మీ నాన్న, అదే మా బాబాయి, ఆవిడ మిషను బాగుచేయడానికి వెళ్లాడు కూడా. ఇంకేం కావాలి వాళ్లకి. ఆ తువ్వాలు మాది కాదని బాబాయి నెత్తీనోరూ కొట్టుకున్నా ఎవరూ వినలేదు.

కానీ ఆ ఏడాది మీ అమ్మ కొన్నాళ్లు బట్టలు ఇంట్లోనే ఉతికింది, గుర్తుందా? మీ గుర్తు ఖాళీగా ఉందని దాన్నే ఊరికి కొత్తగా వచ్చిన కాంపౌండరుకి వేశారు. మీరు మళ్లీ బట్టలు వేయడం మొదలుపెట్టాక ఒకే గుర్తు రెండిళ్లకీ నడిచింది. నాన్న ఎప్పుడూ ఇస్త్రీబల్ల దగ్గరే. బట్టలు విడదీసే పని ఆయనది కాదు. పాత సంగతే ఆయన మనసులో ఉండిపోయింది.

అటక సర్దుతుంటే ఒక మూట దొరికింది. ఆరు చొక్కాలు, ఒక తువ్వాలు, అన్నిటికీ అదే గుర్తు. పైన కాంపౌండరు అని చీటీ, హత్యకి ముందువారం తేదీ. ఆరు మంచి చొక్కాలు ఎవడైనా వదిలేసుకుంటాడా? ఆ గుర్తు నాది అని వచ్చి అడగలేనివాడే వదిలేసుకుంటాడు. మూట తీసుకెళ్లి పోలీసులకిచ్చాను. పాత తువ్వాలు కోర్టు గిడ్డంగిలో ఇంకా ఉంది. రెండిటికీ ఒకే పసుపు అంచు, ఒకే నేత. రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే కాంపౌండరు తనవేనన్నాడట. పెళ్లికి ఒప్పుకోలేదని చంపాడట. ఇన్నేళ్లూ ఇక్కడే ఉన్నాడు, సూదీ. ఊరందరికీ జ్వరం మందులిచ్చాడు.

నీ
ఇస్త్రీ

*

ఇస్త్రీ,

నీ ఉత్తరం వంటగదిలో నిలబడే చదివాను. నువ్వు చెప్పినట్టే కూర్చున్నాను. లేచేసరికి పొయ్యి మీది గిన్నె మాడిపోయింది.

నాన్నని చూడటానికి నేను ఒక్కసారి కూడా జైలుకి వెళ్లలేదు. అమ్మ రమ్మంటే పరీక్షలనేదాన్ని. ఆయన రాసిన ఉత్తరాలు విప్పకుండా తిప్పి పంపేదాన్ని. ఎనిమిదో ఏడు ఆయన అక్కడే పోయాడు, అప్పుడూ వెళ్లలేదు. పరాయివాళ్లు నమ్మారంటే సరే, కూతుర్ని నేనూ నమ్మాను. మా ఆయనకి కూడా నిజం చెప్పలేదు. మామగారు గుండెజబ్బుతో పోయారనే అనుకుంటూ ఆయనా కన్నుమూశాడు.

మీ నాన్న మీద, పెదనాన్న అని పిలిచిన మనిషి మీద ఇన్నేళ్లు పళ్లు నూరాను. ఇప్పుడు వెతికినా కోపం రావడం లేదు. తనకి తెలిసింది చెప్పాడు, పొరబడ్డాడు. క్షమించానని ఆయన ఫొటోకి చెప్పు. నువ్వు మాత్రం నిజం తెలియగానే దాచకుండా బయటపెట్టావు. అలాంటి నిన్ను చూడటానికైనా ఆ ఊళ్లో అడుగుపెట్టాలనిపిస్తోంది. నాకంటూ ఇప్పుడు ఎవరూ లేరు. ఆదివారం పగటి బండికి వస్తాను. నాలుగు రోజులుంటాను, నువ్వు పొమ్మనకపోతే ఇంకా ఉంటాను.

నీ
సూది

*

సూదీ,

నీ ఉత్తరం వచ్చిన రోజే ముందుగది కడిగాను. నీకోసం పరుపు ఎండబెట్టాను, కిటికీకి ఉతికిన తెర కట్టాను. ఇంట్లోకి ఒక మనిషి వస్తోందంటే నాకు ఆకలి కూడా వేసింది. రెండు రోజులు కిక్కురుమనకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కానీ చదివిన ప్రతిసారీ "నిజం తెలియగానే" అన్న మాట దగ్గర ఆగిపోతున్నాను.

మూట నాకు దొరకలేదు. అక్కడ పెట్టింది నేనే.

గుర్తు వేసింది కూడా నేనే. పదిహేడేళ్లప్పుడు గుర్తులు కుట్టే పని నాదేగా. కొత్తది ఆలోచించడానికి బద్ధకమేసి ఖాళీగా ఉన్నది కుట్టేశాను. మీ బట్టలు మళ్లీ వచ్చినప్పుడూ మార్చలేదు. మీ ఇంటి బట్ట ఏదైనా చేత్తో ముట్టుకుని చెప్పగలను, నీ గౌన్ల చంకల కింద అతుకులు కూడా నాకు తెలుసు, నా సూది బట్టలకి మళ్లీ గుర్తెందుకు అనుకున్నాను. నాన్నకి చెప్పాలని తోచనేలేదు.

పోలీసులు ఆ తువ్వాలు బల్ల మీద పరిచినప్పుడు నేను పక్కనే ఉన్నాను. చూడగానే అది కాంపౌండరుదని తెలిసింది. మీ ఇంట్లో పసుపు అంచు తువ్వాలు లేదు. నేను నోరు తెరిచేలోపు నాన్న చెప్పేశాడు. తర్వాత చెబితే అబద్ధమాడాడని నాన్నని లోపలేస్తారని భయపడ్డాను. రేపు చెబుదాం, ఈలోపు వాళ్లే కనుక్కుంటారు అనుకుంటూ ఉండగానే బాబాయికి శిక్ష పడింది. భయం కాక ఇంకో కారణం ఉందేమోనని ఇన్నేళ్లూ వెతికాను, లేదు. మూట అటక మీద ఎడమ మూల, పాత పరదాల కింద దాచాను. బాబాయి పోయాడని తెలిసిన రోజు కూడా అది అక్కడే ఉంది.

నాన్న ఏమీ తెలియకుండానే పోయాడు. పరామర్శకి కాంపౌండరు వచ్చాడు. నాన్న కుర్చీలో కూర్చుని, "మీ నాన్న మాట మీద నిలబడ్డ మనిషమ్మా" అన్నాడు. అతనికి టీ ఇచ్చాను, సూదీ. మర్నాడు అటకెక్కాను.

ఇదంతా నిన్న ఇన్‌స్పెక్టరమ్మకి చెప్పాను. "కేసుకి మూట చాలండి. మీ సంగతి రాస్తే రేపు నలుగురిలో తలెత్తుకోలేరు" అంది. రాయమన్నాను. సంతకం పెట్టి వచ్చాను. పేపర్లో పడేలోపు నీకు నా చేతిరాతలోనే తెలియాలని ఇది రాస్తున్నాను.

నాన్న ఫొటోకి నీ మాట చెప్పలేదు. నువ్వు క్షమించాల్సినంత తప్పు ఆయన చేయలేదు. చేసింది నేను, నాకు అడిగే మొహం లేదు.

ఆదివారం స్టేషనుకి రాను. నువ్వు దిగని బండిని చూసి తిరిగివచ్చే ఓపిక నాకు లేదు. ఇల్లు నీకు తెలుసు.

ఇస్త్రీ