మోకాలి లోతు

మారేడుమిల్లి కొండల నుంచి, నవంబరు 12

అమ్మా,
నేను కులాసా. సైటులో సిగ్నల్ లేదు, అందుకే ఈ కార్డు. కంగారు పడకు.

వాగు మీద నడక వంతెన కడుతున్నాం. లారీ రాని చోటు కాబట్టి ఇక్కడి రాయితోనే, ఊరివాళ్ళ చేతులతోనే పని. వాగుకి పాత లెక్కలేవీ లేవు. వానల్లో దాటేటప్పుడు ఎంత లోతుంటుందని ఇంటింటా అడిగితే అందరూ మోకాలి లోతన్నారు. దానికి మూడింతలు ఎత్తు పెట్టి, చాలా జాగ్రత్తపరురాలిననుకున్నాను. మొన్న ఈ ఊరి పెద్దావిడ పండమ్మ మామ్మ పిల్లర్లు చూసి నవ్వింది.

"దాటేటప్పుడు ఎంతని అడిగావు, చెప్పాం. దాటలేనప్పుడు ఎంతో నువ్వడగలేదు కదమ్మా" అంది.

చెయ్యి పట్టుకుని ఒడ్డున చెట్టు దగ్గరికి తీసుకెళ్ళింది. నిరుటి వరద తెచ్చిన చెత్త నా తలకన్నా పైన కొమ్మల్లో ఎండి వేలాడుతోంది. గోదారి ఒడ్డున పుట్టి ఇదా నా తెలివి అనిపించింది. ఇప్పుడు పిల్లర్లు ఆ చెత్తకి రెండు మూరలు పైకి లేపుతున్నాం.

ఎండు మెత్తళ్ళు కాసిని పంపు, మామ్మకివ్వాలి. తమ్ముడి పడవ ఇంజను బాగయిందా? లక్ష్మీదుర్గ అత్తని అడిగానని చెప్పు.

ఇక నీ మోకాలి సంగతి. నేను కిందికి దిగి ఫోన్ చేసినప్పుడల్లా "పర్లేదే, చేపల గంపెత్తుకుని బజారుకెళ్ళొచ్చాను" అంటావు. ఇన్నాళ్ళూ నేను కూడా నువ్వు బజారుకెళ్ళిన రోజు సంగతే అడిగాను. వెళ్ళలేని రోజున నొప్పి ఎంతో తమ్ముడి చేత రాయించు. మోకాలి లోతేనని మాత్రం రాయించకు.

నీ వీరవేణి