ఫిల్మ్‌నగర్ జపాను కొండను మూయించవలసిందిగా

కట్టడాల తనిఖీ అధికారి గారి సముఖమునకు,
బోరబండ నివాసి, సినిమా సెట్ల మోల్డింగ్ మేస్త్రీ వెంకటనర్సయ్య వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఫిల్మ్‌నగర్ వెనుక గుట్ట మీద నడుచుచున్న జపాను పద్ధతి విశ్రాంతి కేంద్రములోని కొండ నిజమైన కొండ కాదనియు, దానిని నేనే చేసితిననియు, అది కూలకమునుపే మనుషులను బయటికి పంపవలెననియు మనవి.

1. పై కేంద్రము పేరు జపాను భాషలో ఉన్నది. నాకు నోరు తిరగదు, గేటు మీద చూసుకొనగలరు. జూబ్లీహిల్స్ పెద్దవారు అలసట తీర్చుకొనుటకు అక్కడికి వచ్చెదరు. లోపల నలభై అడుగుల నల్లని కొండ, దాని మీద ఆవిరి లేచు వేడినీటి మడుగు, మడుగు కింద గుహ, ఆ గుహలో తేనీటి గది కలవు. ఆ తేనీటి గదిలో నా కుమార్తె పద్మప్రియ పనిచేయుచున్నది. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకొన్నచో మిగిలినది చదవకపోయినా ఫరవాలేదు. కాదు, దయచేసి చదవండి.

2. ఏడాది క్రిందట సెట్ కాంట్రాక్టరు రవిచంద్ర గారు నన్ను పిలిపించి, "నర్సన్నా, గుట్ట మీద జపాన్ కొండ ఒకటి లేపాలి. ముందు నుంచి చూస్తే దిమ్మ తిరగాలి" అన్నారు. సరేనన్నాను. ఎవరి సినిమా, ఏమి కథ అని అడగలేదు. మా లైనులో కథ అడగరు. అడిగినవాడు బయట చెప్పేస్తాడని అనుమానపడతారు, మళ్లీ పనికి పిలవరు. ముప్పై ఒక్క ఏళ్లుగా గుళ్లు, జైళ్లు, రాజమహళ్లు అన్నీ అలాగే చేసితిని. ఇది కూడా సెట్టే అనుకొంటిని. చేసిన తప్పు ఇదే. పని ముగించి వచ్చేశాను. తర్వాత షూటింగు అయిపోయి, ఈసారి నన్ను పిలవకుండా వేరెవరితోనో సెట్టు తీయించేసి, అక్కడ ఏదో హోటలు కట్టుకొన్నారని తలచితిని.

3. కొండ లోపల ఏమున్నదో ఏ కాగితములోను ఉండదు గనుక వ్రాయుచున్నాను. కొన్ని ఇనుప పైపులు, మిగిలినవి సర్వి కట్టెలు, వాటికి కోళ్ల గూళ్లకు కొట్టే తీగ జాలీ, దాని మీద ప్లాస్టరులో ముంచిన గోనెపట్టా, ఆపైన రంగు. కెమెరా చూసే వైపు మాత్రమే పూర్తి చేసితిని. మడుగు చీలమండల లోతుకు చేసితిని. సెట్టులో నీళ్లు అంతే పోస్తాము, అడుగున నల్ల పట్టా పరిస్తే ఎంతో లోతున్నట్టు కనబడుతుంది. ఇరవై రోజుల షూటింగు అయ్యాక మేమే పడగొట్టి లారీకి ఎత్తుతాము. నేను చేసినది ఏదీ రెండు నెలలు నిలబడవలసిన అవసరం ఇంతవరకు రాలేదు.

4. మొన్న బుధవారము పద్మప్రియ టిఫిను డబ్బా మరచిపోయినందున ఇచ్చుటకు పోయితిని. లోపలికి చూడగా నా కొండ. మొదట సంతోషం కలిగింది, అబద్ధమెందుకు. అంతలో పైన మడుగులో ఆరుగురు మనుషులు మెడలోతు వేడినీళ్లలో కళ్లు మూసుకొని కూర్చొనియుండుట కనబడినది. నా తర్వాత ఎవరో వచ్చి గట్టు పెంచి, మోటారు పెట్టి, నీళ్లు నింపినారు. నేను వెనుకకు పోయి ప్లాస్టరు మీద వేలు పెట్టితిని. వేలు కణుపు దాకా లోపలికి దిగినది. తేనీటి గది కప్పును మోస్తున్న కట్టె ఒకటి వంగి చీలినది. ఆ కప్పు కింద నా బిడ్డ వంగి ఎవరికో టీ గిన్నెలు అందిస్తున్నది. డబ్బా చేతిలోనే ఉండిపోయింది.

5. మేనేజరు రిత్విక్ గారి కాళ్లావేళ్లా పడితిని. ఆయన చిన్నవాడు, మర్యాదగానే మాట్లాడినాడు. "అంకుల్, మీరు చేసింది పైపైన డిజైనే కదండీ. లోపల సివిల్ వర్క్ వేరే టీమ్ చూసుకుని ఉంటుంది" అన్నాడు. "లోపల ఏ టీమూ లేదు సారూ, లోపల ఉన్నది గూడ నా పనే" అంటిని. "ప్లీజ్, ఇక్కడ గట్టిగా మాట్లాడకూడదండీ, గెస్టులకి ప్రశాంతత ముఖ్యం" అని నాకొక కప్పు పచ్చని టీ ఇప్పించి గేటు దాకా దిగబెట్టినాడు. రవిచంద్ర గారు విదేశములో షూటింగులో ఉన్నారట. ఫోను కలియుటలేదు.

6. ఇంటికి వచ్చినాక బిడ్డకు రేపటి నుండి పోవద్దని చెప్పితిని. అది నవ్వింది. "నాయినా, గది నువ్వు చేసిన కొండనే గద. నర్సయ్య చెయ్యి పడ్డదంటే వందేండ్లు కదలదని నువ్వే అంటవ్. ఇప్పుడేంది గిట్ల భయపడ్తున్నవ్?" అన్నది. అయ్యా, ఆ మాట నేను అన్నది నిజమే. ఒకసారి కాదు, తాగినప్పుడల్లా అన్నాను. మా నాయిన కోటలు కడతాడని అది బడిలో చెప్పుకొనేది. నెల తిరక్కుండానే వాటిని లారీకెత్తుతామని నేను ఏనాడూ చెప్పలేదు. ఇప్పుడు చెప్తే కొలువు మాన్పించడానికి కల్పిస్తున్నానంటున్నది. నా భార్య నీలమ్మ కూడా, "పిల్లకు ఇన్నాళ్లకు మంచి కొలువు దొరికింది, జర నోరు మూసుకొని కూసో" అన్నది. పద్మప్రియ మరునాడు వెళ్లింది. ఆ మరునాడూ వెళ్లింది.

7. ఇది ఫిర్యాదు కాదు, అయినా అంకె వేసితిని. నాకు భయముగా ఉన్నది. అన్నము దిగుటలేదు. అక్కడ సిబ్బంది ఫోను లాకరులో పెట్టవలెను, గొంతు ఎత్తరాదు. పైన కట్టె విరిగిన చప్పుడైతే నా బిడ్డ అరిచి పరుగెత్తుతుందా, లేక రూలు గుర్తొచ్చి నెమ్మదిగా నడుస్తుందా అని రోజంతా అదే ఆలోచన. అక్షరాలు వంకర పోయినందుకు క్షమించాలి.

కావున తమరు స్వయముగా దయచేసి ఆ కొండను వెనుక నుండి చూడవలెను. ముందు నుండి చూస్తే తమరు కూడా నమ్ముతారు, అంత బాగా చేశాను. ఫైలు తరువాత నడిపించండి, ముందు నీళ్లు తీయించండి. కేసు నా మీదే పెట్టండి, సంతకం పెడతాను, కానీ ఈవేళే రండి. అధికారిగానే కాక, ఇంట్లో ఆడపిల్ల ఉంటే ఆ పిల్ల తండ్రిగా కూడా దీనిని చిత్తగించవలెను.

తమ విధేయుడు, ఆ కొండ చేసిన దోషి,
వెంకటనర్సయ్య

తా.క.: తమరు మీటింగుకు పోయినారనియు, సోమవారము గాని రారనియు తమ బంట్రోతు లక్ష్మయ్య ఇప్పుడే చెప్పినాడు. ఈరోజు శనివారం. మడుగులో పన్నెండు మంది ఉంటారని పొద్దున పద్మప్రియ చెప్పి వెళ్లింది. సోమవారం దాకా నేను ఉండలేను సారూ. కాగితం లక్ష్మయ్య చేతికిచ్చి పోతున్నాను. సంచిలో రంపం ఉంది. మడుగు అడుగు నుంచి నీళ్లు లాగే మోటారు గొట్టం వెనుక వైపే ఉంది, కోసేస్తే నీళ్లు గుట్ట కిందికి పోతాయి, ఎవరి మీదా పడవు. తర్వాత లోపలికి పోయి బిడ్డను చెయ్యి పట్టుకొని లాక్కొస్తాను. పోలీసుల నుంచి తమరికి ఫోను వస్తే అది నా గురించే. పిల్ల ఉద్యోగం పోతుంది, అందరి ముందూ తల తీసేసినట్టవుతుంది, ఇక జన్మలో నాతో మాట్లాడదేమో. మాట్లాడకపోయినా ఫరవాలేదు, బతికి ఉండి మాట్లాడకుంటే చాలు.