కుడిచేతికి కట్టు

సోమవారం రాత్రి

ఎడమచేత్తో రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతున్నాయి. పక్షవాతం వచ్చినవాళ్ల కష్టం తెలియాలని దెబ్బతిన్న చేతులకు మళ్లీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ క్లాసులో మేడం మా అందరి కుడిచేతులూ ఒంటికి కట్టేశారు. రేపు రాత్రి దాకా విప్పొద్దు, ఎందుకని అడిగితే ఎవరికీ చెప్పొద్దు.

సాయంత్రం కోహెడ బస్సులో నిలబడి ఊగుతుంటే ఒక పెద్దావిడ జరిగి చోటిచ్చింది.

"గింత చిన్న వయసుల ఏమైంది బిడ్డా?"

కట్టు మీదికి చున్నీ లాక్కున్నాను. ఆమె తన కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి నా ఒళ్లో పెట్టింది. వేళ్లు ముడుచుకుపోయి ఉన్నాయి.

"నాకు గిట్లయి ఏడాదాయె. ఇగ రాదన్నరు. నువ్వు ఏ దవాఖానకు పోతున్నవ్? నీది మంచిగైతే చెప్పు, నేను గూడ వస్త."

నేను చదివేదే నీలాంటివాళ్ల కోసం అనే మాట గొంతు దాకా వచ్చింది. మేడం షరతు గుర్తొచ్చి ఆగానో, సీటు పోతుందని ఆగానో...

నేను దిగేటప్పుడు ఆమె నా చున్నీ సర్దింది. "రోజు గిదే బస్సుకు వస్త. నీకు జాగ ఆపుత."

రేపు ఎలాగూ కట్టుతోనే ఎక్కుతాను. ఎల్లుండి ఈ రెండు చేతులతో ఆమె పక్కన ఎలా కూర్చోను?