మెట్టెలు కనవడ్డది నా ఒక్కదానికే

నస్పూర్, మంగళవారం రాత్రి

నేను చెప్తున్న, మనుమరాలు మమత రాస్తుంది.

గియ్యాల టీవీల హత్యల సీరియల్ చూసినం. సచ్చినోని పెండ్లానికి పదోరోజు మెట్టెలు తీసేసిన్రు. పోలీస్ స్టేషన్లకు పోంగ చూస్తే కాళ్లకు మళ్ల మెట్టెలున్నయి! బయటికొచ్చేటప్పటికి లేవు. "గిదేందిరా, తీసిన మెట్టెలు మళ్లెట్లొచ్చినయి?" అన్న. నా కొడుకు సదయ్య నవ్విండు.

"నీకు గట్ల అనిపిచ్చింది అవ్వా. మొన్న తాళంచెవి ఏడ వెట్టినవో గూడ యాదిమర్చినవు. గందుకే సోమవారం కరీంనగర్ దవాఖానకు పోదామంటున్న."

కోడలు గూడ తలకాయ ఊపింది. అంటే నా మతి పోతుందని ఇద్దరు ముందుగాలనే మాట్లాడుకున్నరన్నట్టు.

నాకు మండింది. "ఫోన్ల గదే సీరియల్ పెట్టి చూడు, నా ముంగటనే చూడు" అన్న. పెట్టిండు. ఉన్నయి మెట్టెలు, వెండియి, రెండు కాళ్లకు.

"ఇప్పుడు చెప్పురా, మతి ఎవనికి పోయింది? నాకా, గా సీరియల్ తీసినోనికా?"

"సరే అవ్వా, నువ్వన్నదే నిజం. అయినా దవాఖానకైతే పోదాం" అన్నడు, మెల్లగ, చిన్నపోరికి చెప్పినట్టు.

గా మెల్లగ చెప్పుడే నాకు నచ్చలే. కొట్లాడితే బాగుండు. గంత పెద్ద సీరియలోళ్లు తప్పు జేస్తే నవ్వి ఊకుంటరు. నేను కూరల ఉప్పు రెండుసార్లు ఏస్తే దవాఖాన. ఇగ నేను ఏం మాట్లాడినా ఇద్దరు మొఖాలు చూసుకుంటరు.

సోమవారం పోత. డాక్టరుకు ముందుగాల గీ మెట్టెల ముచ్చటే చెప్త. ఇంటడో, ఆయన గూడ మెల్లగనే మాట్లాడుతడో...